ఇనుప వంతెన మీద చివరి మాట

ఆ ఇద్దరు సంగీత దర్శకుల పేర్లు నేను ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళలో సగం మంది కాగితం పక్కన పెట్టి నాతో వాదనకు దిగుతారు. ఆ వాదన ఎంత దూరం పోతుందో నాకు పదకొండేళ్ళ అనుభవం ఉంది. మా రైలుపెట్టెలో వాళ్ళకు మేం పెట్టుకున్న పేర్లే ఇక్కడా వాడతాను. ఒకాయన ఫ్లూటాయన, ఇంకొకాయన డప్పాయన. ఇద్దరూ ఒకే కాలంలో పైకొచ్చారు. ఇద్దరి పాటలూ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, ఆటోల్లో, ఫోన్లలో మోగుతూనే ఉన్నాయి. ఇద్దరిలో గొప్పవాడు ఫ్లూటాయన. ఇది నా అభిప్రాయం కాదు, ఉన్న సంగతి.

నేను నిడదవోలులో ఉంటాను. రాజమండ్రిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాని. జనం ఇచ్చే అర్జీలు, ఫిర్యాదులు తీసుకుని, నంబరు వేసి, ఏ సెక్షనువి ఆ సెక్షనుకు పంపడం నా పని. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం పోగొట్టలేదు. మాటలూ అంతే. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో, ఆ రోజు నేను ఏ చొక్కా వేసుకున్నానో సహా చెప్పగలను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. ఆ మాట ఆవిడ మొదటిసారి అన్నది మా పెద్దమ్మాయి బారసాల నాడు, పీటల మీద కూర్చుని, మా అత్తగారి ఎదుట.

రోజూ పొద్దున మెము బండిలో వెళతాను. అది భీమవరం వైపు నుంచి వస్తుంది. నిడదవోలులో నేను ఎక్కాక చాగల్లు, పశివేదల, కొవ్వూరు, ఆ తరవాత గోదావరి మీద వంతెన, అవతలి గట్టున రాజమండ్రి. రోజూ పోయేవాళ్ళం కాబట్టి ఎవరి చోటు వాళ్ళకు ఉంది. నాది కిటికీ పక్కన, బండి పోయే వైపు ముఖం పెట్టి. నా ఎదుటి సీటు చాగల్లులో ఎక్కే లెక్కల మేష్టారిది. ఆయనకు రాజమండ్రిలో బడి. ఆదివారాలు వాళ్ళ ఊరి లూథరన్ చర్చిలో హార్మోనియం వాయిస్తారు. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద. హార్మోనియం మెట్ల మీద వేళ్ళు నడిపే మనిషి ఎవరి వైపు ఉండాలి? ఫ్లూటాయన వైపు. కానీ ఆయన డప్పాయన పార్టీ.

మా పెట్టెలో ఇంకో ముఖ్యమైన మనిషి ఉంది. నరసాపురం దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి ఎండుచేపల గంపలతో వచ్చే ఆవిడ. అందరం పిన్నిగారు అంటాం. సీటు ఇస్తామన్నా కూర్చోదు. గంపల పక్కన, తలుపు దగ్గర నేల మీదే కూర్చుంటుంది. గంపల మీద కన్ను ఉండాలి కదా.

మొదటి రోజు సంగతి చెప్పాలి. నాకు ఈ కార్యాలయానికి బదిలీ అయి ఆ బండి ఎక్కడం అది మూడోసారో నాలుగోసారో. లేతనీలం గళ్ళ చొక్కా వేసుకున్నాను. ఎవరిదో ఫోన్లో ఫ్లూటాయన పాట వస్తోంది. నేను పెద్దాపురంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, అద్దెగదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, పక్కవాళ్ళ టేపురికార్డరులో రోజూ సాయంత్రం విన్న పాట అది. ఆ గదికి కిటికీ కూడా లేదు. ఆ పాటే నా కిటికీ. అందుకని, ఎదురుగా ఉన్న పెద్దమనిషితో మర్యాదకు అన్నాను.

"ఇలాంటి పాట ఇప్పుడెవరు కడుతున్నారండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బాగానే ఉంటుందండి. నిద్ర బిళ్ళ వేసుకున్నాక వినడానికి."

"అదేంటండి అలాగంటారు?"

"మొన్న మండపేటలో మా వాళ్ళ పెళ్ళి ఊరేగింపులో ఎవరో తెలీక ఈయన పాట పెట్టారండి. గుర్రం నిలబడే నిద్రపోయింది. డప్పాయన పాట పెడితే గాని కదల్లేదు."

పెట్టె అంతా నవ్వింది. నేను సంగీతం గురించి నాకు తెలిసినదంతా చెప్పడం మొదలుపెట్టాను. రాగం గురించి, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వేణువు గురించి. ఆయన కొవ్వూరు దాటే దాకా ఓపిగ్గా విన్నారు. అప్పుడు అడిగారు. "తమరు ఏం చేస్తారండి?"

"గుమస్తానండి."

"అదీ సంగతి. గుమస్తాగారికి ఫైలు తెలుసు గాని పాట తెలీదు."

నేను నోరు తెరిచాను. బండి వంతెన ఎక్కింది.

రాజమండ్రి వైపు పోయే బండి ఇనుప వంతెన మీంచి పోతుంది. పైన రోడ్డు, కింద పట్టాలు, అటూ ఇటూ ఇనుప దూలాలు. దాని మీద బండి వెళుతుంటే ఆ మోత ఎలా ఉంటుందంటే, పక్కన కూర్చున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా పెదాలు కదలడమే కనిపిస్తుంది. సాయంత్రం తిరిగొచ్చే బండి వేరే వంతెన మీద, ఆర్చీల వంతెన మీద వస్తుంది. అది సిమెంటుది. దాని మీద బండి పిల్లి నడిచినట్టు పోతుంది, రెండు సీట్ల అవతలి గురక కూడా వినపడుతుంది. కానీ సాయంత్రం ఎవరి బండి వాళ్ళది. మా వాదనలన్నీ పొద్దున బండిలోనే, అంటే ఇనుప వంతెన ముందే.

ఆ రోజు ఆ మోతలో నేను చెప్పవలసిందంతా చెప్పాను. ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. ఎదురుగా ఆయన కూడా ఏదో అంటున్నారు, చేయి ఊపుతూ, నవ్వుతూ. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. వంతెన దాటేసరికి అందరూ లేచి సంచులు సర్దుకుంటున్నారు. పాట తెలీని గుమస్తాగా రాజమండ్రిలో దిగాను.

మర్నాడు నేను నిన్నటి జవాబుతో తయారుగా ఎక్కాను. వాదన వంతెన దాటినా ఆగలేదు. రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద కూడా సాగింది. నాకు ఆఫీసులో, ఆయనకు బడిలో ఆలస్యమైంది. అడ్డంగా నిలబడినందుకు పిన్నిగారి గంప ఒకటి దిగడానికి లేక తరవాతి స్టేషనుకు పోయింది. మూడో రోజు ఆవిడ మా ఇద్దరి మధ్యా నిలబడి తీర్పు చెప్పింది.

"చూడండి బాబుగారూ, మీ గొడవ వంతెన దాకానే. వంతెన రాగానే నేను గంప మీద కొడతాను. అప్పటికి ఎవరి మాట చివర ఉంటే ఆ పూట ఆయన గెలిచినట్టు. ఆ తరవాత అన్న మాట చెల్లదు. మర్నాడు మళ్ళీ కొత్తగా మొదలెట్టుకోవాలి. నిన్నటిది తవ్వకూడదు. నిన్నటి మాట గోదాట్లో కలిసిపోయినట్టే."

"మీరెవరి పక్షం పిన్నిగారూ?" అన్నారు మేష్టారు.

"నా గంప పక్షమండి."

తలుపు దగ్గర కూర్చునే మనిషి కాబట్టి వంతెన అందరికన్నా ముందు ఆవిడకే కనిపిస్తుంది. అలా ఆవిడే న్యాయమూర్తి అయ్యింది. అందరూ ఒప్పుకున్నారు. నేనూ తల ఊపాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద పొరపాట్లలో అది ఒకటి. నిన్నటిది తవ్వకూడదన్న రూలు, నిన్న మాట పడ్డవాడికి ఏం న్యాయం చేస్తుంది?

ఆ రోజు నుంచి పదకొండేళ్ళు నాకు కావలసింది ఒక్కటే. మేష్టారి ఎదుట, పిన్నిగారి చేయి గంప మీద పడే క్షణానికి, చివరి మాట నాదై ఉండాలి. ఒక్క పూట చాలు.

అది జరగలేదు. జరగనివ్వలేదు. మేష్టారి పద్ధతి వేరు. చాగల్లులో ఎక్కి కూర్చోగానే ఒక చిన్న మాట విసురుతారు. "రాత్రి మా మనవడికి నిద్ర పట్టలేదండి, ఫ్లూటాయన పాట పెట్టాం, ఇల్లంతా పడుకుంది, పాలు పొంగిపోయాయి." అంతే, ఇక మాట్లాడరు. పశివేదల దాకా పేపరు చదువుకుంటారు. నేను చెబుతూనే ఉంటాను. కొవ్వూరులో మంచినీళ్ళు తాగుతారు. బండి కదిలి, సిగ్నలు కేబిను దాటి, వంతెన ముందరి ఆఖరి స్తంభం కనపడేటప్పుడు కళ్ళజోడు సరిచేసుకుంటారు. సరిచేసుకున్నారంటే ఇక అయిపోయినట్టే. ఒక్క వాక్యం అంటారు. పిన్నిగారి చేయి పడుతుంది.

ఒకసారి నేను ఆయనకు సందివ్వకూడదని కొవ్వూరు నుంచి ఊపిరి తీసుకోకుండా మాట్లాడాను. ఆఖరి స్తంభం వచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నా నేను ఆపలేదు. "అసలు ఫ్లూటాయన గొప్పతనం ఏంటంటే" అన్నాను. దగ్గొచ్చింది. వంతెన వచ్చింది. చివరి మాట నాదే కాబట్టి నేనే గెలిచానని మరునాడు వాదించాను. పిన్నిగారు ఒప్పుకోలేదు.

"మాట పూర్తవ్వాలి కదండి. తోక తెగిన చేపని చేప అని అమ్మితే కొంటారేంటి?"

మేష్టారు ఆ వారమంతా పెట్టెలో ఎక్కినవాళ్ళందరికీ చెప్పారు. "గొప్పతనం ఏంటో గుమస్తాగారికే తట్టలేదండి. పాపం, వంతెన వచ్చి కాపాడింది."

ఆ రోజు నాది తెల్ల చొక్కా.

ఇంటికి వచ్చి మిగిలిపోయిన వాక్యం మా ఆవిడకు చెప్పేవాణ్ణి. ఆవిడ కూర తరుగుతూ వినేది. "దగ్గు మందు కొనుక్కోకపోయారా" అనేది. ఇంకోసారి, "ఆయనకి ఫోన్ చేసి చెప్పచ్చు కదండి, వంతెన దాకా ఎందుకు?" అంది. రూలు ఒప్పుకోదని చెప్పాను. ఆవిడ మా రెండో అమ్మాయి వైపు చూసింది. రెండో అమ్మాయి చెవుల్లో ఏదో పెట్టుకుని తల ఊపుతోంది. ఏం వింటున్నావమ్మా అని అడిగాను. డప్పాయన పాట. నా ఇంట్లో, నా జీతంతో కొన్న ఫోన్లో.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తెలియవలసిన వాళ్ళందరికీ నా ప్రమేయం లేకుండానే తెలిసిపోయింది కాబట్టి, దాచి లాభం లేదు.

ఇనుప వంతెన మీద బండి మోతలో ఒక వరుస ఉంటుంది. పట్టాల అతుకు దగ్గర ఒక దెబ్బ, దూలం దాటినప్పుడు ఒక దెబ్బ, మధ్యలో రెండు చిన్నవి. మొదట్లో ఓడిపోయిన కోపంలో కిటికీ వైపు తిరిగి, నన్ను నేను ఓదార్చుకోవడానికి ఫ్లూటాయన పాట పాడుకునేవాణ్ణి. ఎవరికీ వినపడదు కదా. కానీ ఆ పాట ఆ మోతలో నిలబడేది కాదు. ముక్కలు ముక్కలుగా ఊడిపోయేది. ఒక రోజు, అమ్మాయి ఇంట్లో పొద్దస్తమానం వింటున్న డప్పాయన పాట నోటికి వచ్చింది. అది వంతెన మీద సరిగ్గా కూర్చుంది. ఆయన ఆ పాటను స్టూడియోలో కట్టలేదు, మా వంతెన కింద కూర్చుని కట్టాడా అన్నంతగా కూర్చుంది. ఆ ఇనుప వంతెన కూడా డప్పాయన పార్టీ అని నాకు అప్పుడు అర్థమైంది. నా మీద ఇంత పెద్ద కుట్ర జరుగుతోందని తెలిశాక ఒక మనిషి ఎన్నాళ్ళని ఆగుతాడు?

పిన్నిగారు గంప మీద కొట్టగానే కిటికీ వైపు తిరిగేవాణ్ణి. పక్కవాళ్ళు గోదావరికి దణ్ణం పెట్టేవాళ్ళు పెట్టేవారు, రూపాయి విసిరేవాళ్ళు విసిరేవారు. నేను కళ్ళు మూసుకుని, కిటికీ కమ్మీ మీద అరచేత్తో కొడుతూ, గొంతెత్తి డప్పాయన పాట పాడేవాణ్ణి. గొంతెత్తకపోతే నాకే వినపడదు. ఒక పల్లవి, ఒక చరణం. అవతలి గట్టు వచ్చేసరికి ఆపేసి, ఓడిపోయినవాడి ముఖం పెట్టుకుని దిగేవాణ్ణి. అంత మాత్రాన నా అభిప్రాయం మారిందని కాదు. కాకరకాయ వేపుడు ఇష్టంగా తిన్నవాడు కాకరకాయ పాయసం గొప్పదని ఒప్పుకున్నట్టు కాదు కదా.

అలా పదకొండేళ్ళు గడిచాయి. ఒక సోమవారం మేష్టారు ఎక్కి, కూర్చుని, మాట విసరలేదు. "ఈ నెలాఖరుకి రిటైరవుతున్నానండి" అన్నారు.

పెట్టెలో అందరూ అయ్యో అన్నారు. ఆయనకు చేతులు ఇచ్చారు. ఎవరో లడ్డూలు ఎప్పుడండి అన్నారు. నేను మాత్రం వేళ్ళ మీద లెక్క వేశాను. ఇంకా పద్దెనిమిది పొద్దుటి బళ్ళే ఉన్నాయి. ఆ తరవాత ఈ మనిషి ఈ బండి ఎక్కడు. గుమస్తాకి పాట తెలీదన్న మాట ఆయన వెంట చాగల్లు పోతుంది, నా జవాబు నా దగ్గర మిగిలిపోతుంది. కాగితానికి గడువు దాటితే ఏమవుతుందో నాకన్నా ఎవరికి బాగా తెలుసు?

ఆ పద్దెనిమిదిలో పదిహేడు ఓడిపోయాను. కొన్ని ఆయన కళ్ళజోడు వల్ల. ఒకటి టిక్కెట్లు చూసే ఆయన సరిగ్గా ఆఖరి స్తంభం దగ్గర నన్ను పాసు అడగడం వల్ల. ఆ ఉద్యోగి మీద ఫిర్యాదు రాశాను. పంపలేదు, కానీ ఉంది.

ఆఖరి రోజు వచ్చింది. మేష్టారు కొత్త పంచె కట్టుకుని ఎక్కారు. చేతిలో లడ్డూల డబ్బా. పెట్టె అంతా పంచారు. నాకు రెండు ఇచ్చారు.

"ఒకటి ఫ్లూటాయన వాటాదండి" అన్నారు.

"ఆయనకి మూడివ్వాలండి" అన్నాను.

"ఇస్తానండి. ముందు ఆయన పాటకి ఒక్క గుర్రాన్ని కదిలించమనండి."

పదకొండేళ్ళుగా ఆ గుర్రాన్ని మోస్తున్నాను. మొదలుపెట్టాను. పశివేదల అయింది. కొవ్వూరు వచ్చింది. బండి ఆగింది, మామూలుగా కదిలిపోయే వేళకు కదల్లేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. టీ అమ్మే ఆయన కిటికీల దగ్గరికి వచ్చి అందరికీ ఏదో చెబుతున్నాడు. నేను వినలేదు. అవతల వేణువు గురించి ముఖ్యమైన భాగంలో ఉన్నాను. ఎదురు బండి ఏదో వచ్చి దాటింది. మేష్టారు ఎప్పటిలాగే ఆఖరి స్తంభం కోసం దాచుకున్న వాక్యం ఇక్కడే చెప్పేశారు. నేను దానికి జవాబు చెప్పాను. బండి కదల్లేదు. ఆయన ఇంకొకటి చెప్పారు. దానికీ చెప్పాను. ఆయన మంచినీళ్ళు మళ్ళీ తాగారు. జీవితంలో మొదటిసారి ఆయన దగ్గర సరుకు అయిపోవడం చూశాను.

బండి కదిలింది. కేబిను దాటింది. ఆయన కళ్ళజోడు మీద చేయి వేశారు. నేను అప్పుడు అన్నాను.

"మేష్టారూ, డప్పాయన పాటకి కాలు కదులుతుంది, నిజమే. కాలు కదలడానికి చీమ కుట్టినా చాలు. ఫ్లూటాయన పాట వింటే నడిచే మనిషి ఆగుతాడు. ఊరేగింపులో గుర్రం కూడా నిద్రపోలేదు, ఆగి విన్నది. కదపడం గొప్పా, ఆపడం గొప్పా, లెక్కల మేష్టారూ, మీరే చెప్పండి."

ఆయన చేయి కళ్ళజోడు మీదే ఉండిపోయింది. నోరు తెరిచారు.

పిన్నిగారి చేయి గంప మీద పడింది. "వంతెన."

గెలిచాను. పూర్తి వాక్యం, తోకతో సహా. ఇక నాకు ఏమీ కనిపించలేదు. కిటికీ వైపు తిరిగాను. కళ్ళు మూసుకున్నాను. అరచెయ్యి దానంతట అదే కమ్మీ మీదికి వెళ్ళింది. గొంతెత్తాను. ఆ రోజు సంతోషం కాబట్టి ఇంకొంచెం ఎక్కువగా ఎత్తాను. పల్లవి రెండుసార్లు పాడాను, చరణం పూర్తిగా పాడాను, చరణం చివర డప్పు దెబ్బలు నోటితో వేశాను.

మోత లేదని తెలియలేదా అని మా ఆవిడ తరవాత అడిగింది. గెలిచిన మనిషి చెవుల్లో ఎంత మోత ఉంటుందో గెలవనివాళ్ళకు ఏం తెలుసు?

కనురెప్పల మీద నీడ పడుతోంది, పోతోంది. వెడల్పుగా, మెల్లగా. ఇనుప దూలాల నీడలు అలా ఉండవు, గబగబా పోతాయి. కళ్ళు తెరిచాను. పైన ఆర్చీలు. అంటే సాయంత్రం వంతెన, పొద్దున పూట. ఎండలో గోదావరి ఏమీ ఎరగనట్టు ఉంది. బండి పిల్లి నడిచినట్టు పోతోంది.

తిరిగాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఒకాయన చేతిలో లడ్డూ సగంలో ఆగిపోయి ఉంది.

"ఇనుప వంతెన మీద పట్టాల పనంటండి" అంది పిన్నిగారు. "అందుకే అంతసేపు ఆపారు. ఇటు మీంచి పంపుతున్నారని టీ ఆయన చెప్పాడు కదండి. వినలేదేంటి?"

అందరికీ తెలుసు. నాకు తప్ప. నేను కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకునేటప్పుడు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, భుజం తట్టి చెప్పలేదు. ఆ పెట్టెలో ఆ రోజు ఉన్నవాళ్ళందరూ నాకు గుర్తు.

మేష్టారు ఒళ్ళో లడ్డూల డబ్బా మూత మీద రెండు వేళ్ళతో చిన్నగా దరువు వేస్తున్నారు. నేను పాడిన పాటదే. "చరణంలో రెండో వరుస దగ్గర అర దెబ్బ తొందరపడ్డారండి" అన్నారు. "మిగతాదంతా లెక్కకు సరిపోయింది."

అప్పుడు నవ్వారు చూడండి పెట్టెలో. గట్టు వచ్చినా ఆగలేదు.

"ఎవరేమన్నా ఇవాళ నేను గెలిచాను" అన్నాను. "వంతెన తరవాతది చెల్లదు. రూలు మీదే, పిన్నిగారూ."

ఆవిడ గంపకు తాడు కట్టుకుంటూ ఆలోచించింది. "మాట చెల్లదన్నానండి. పాట చెల్లదనలేదుగా."

"పాటలో మాటలుంటాయి కదండి."

"చివర్లో డప్పు కూడా కొట్టారు కదండి. దాంట్లో మాటలేమున్నాయి? అదే చివరిది. ఈ పూట డప్పాయనది."

ఆ తీర్పు మీద నా అభ్యంతరం ఇప్పటికీ ఉంది. ఆవిడకు మూడుసార్లు చెప్పాను. పరిశీలిస్తానంది.

రాజమండ్రిలో దిగాం. మేష్టారు వెంటనే వెళ్ళిపోకుండా ప్లాట్‌ఫారం మీద నా కోసం ఆగారు. వెక్కిరిస్తారనుకుని ముఖం గట్టిగా పెట్టుకున్నాను.

"గుమస్తాగారూ, ఇన్నేళ్ళూ వంతెన మీద మీ పెదాలు కదలడం చూస్తున్నానండి. చేత్తో కొట్టడం కూడా. నన్ను తిడుతున్నారనుకున్నాను."

"నేనా?"

"అంత ఆవేశంగా ఉంటే ఏమనుకోమంటారండి. పోనీలే, తిట్టుకుంటే మనసు తేలికవుతుంది కదా అని ఊరుకున్నాను."

పదకొండేళ్ళు రోజూ నాచేత తిట్లు తింటున్నాననుకుంటూనే ఆ మనిషి మర్నాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నా గురించి అలా అనుకున్నందుకు ముందు నాకు కోపం వచ్చింది. తరవాత కూడా కోపమే వచ్చింది గాని అది ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు. అందుకని అసలు విషయం అడిగేశాను.

"మొదటి రోజు మీరు నన్ను, ఫైలు తెలుసు గాని పాట తెలీదు అన్నారు."

"అన్నానా?"

"అన్నారు. వంతెన మీద కూడా చెయ్యి ఊపుతూ ఇంకా ఏదో అన్నారు. అందరూ నవ్వారు."

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి పెట్టుకున్నారు. "ఆ. గళ్ళ చొక్కా వేసుకున్నారు. ఏమీ అనుకోకండి, ఊరికే వేళాకోళానికి అన్నానండి అని చెప్పాను. మీరు తల ఊపారు కూడా. సరే, విన్నారనుకున్నాను."

నేను తల ఊపింది కోపంతో. ఆయన చెప్పిన క్షమాపణ గోదాట్లో పడిపోయింది, రూపాయి బిళ్ళ పడ్డట్టు. ఇన్నేళ్ళూ నేను దాని మీంచే రోజూ రెండుసార్లు పోతున్నాను.

"చెల్లదండి" అన్నాను.

"ఏంటండీ చెల్లనిది?"

"వంతెన మొదలయ్యాక అన్న మాట చెల్లదు. రూలు రూలే."

"అప్పటికి రూలు పెట్టలేదు కదండి."

ఆ మాటతో ఆయన బడి వైపు వెళ్ళిపోయారు, కొత్త పంచె అంచు ఎత్తి పట్టుకుని. నా జవాబు నా నోట్లోనే ఉంది. ఆఖరి రోజు కూడా.

తరవాతి సోమవారం నా ఎదుటి సీట్లో ఎవరో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. చాగల్లులో బండి ఆగింది. కిటికీ దగ్గర చప్పుడైంది. మేష్టారు. లుంగీ, చేతిలో పాలపాకెట్టు సంచి. రిటైరైన మనిషి పొద్దున్నే పాలకు బయల్దేరి స్టేషను మీదుగా ఎందుకు పోవాలో నాకు తెలియదు. పాలబూతు వాళ్ళ వీధిలోనే ఉంది.

"గుమస్తాగారూ, ఫ్లూటాయన పాట పెడితే పాలు కూడా తోడుకోవట్లేదండి" అన్నారు.

బండి కదిలింది. నేను కిటికీ కమ్మీలకు ముఖం ఆనించి జవాబు చెప్పాను. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి, చెవి వెనక చెయ్యి పెట్టి, వినపడట్లేదని తల ఊపారు. బాగా వినపడుతుందని నాకు తెలుసు. ఇప్పుడు ఆయనకు వంతెన కూడా అక్కర్లేదు. చాగల్లులో బండి ఆగేది ఒక్క నిమిషం. ఆ నిమిషం చివర ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలుసు, లెక్కల మేష్టారు కదా. వంతెన దగ్గర పిన్నిగారు గంప మీద కొట్టడం మానేసింది. "తగువు చాగల్లులోనే తేలిపోతోంది కదండి" అంటుంది.

మొన్న మూడు రోజులు ఆయన రాలేదు. ముందుగా చెప్పలేదు. నేను మూడు జవాబులు తయారుచేసుకుని మూడు రోజులూ చాగల్లులో కమ్మీలకు ముఖం ఆనించి కూర్చున్నాను. ఇది మర్యాదేనా? మూడో రోజు పిన్నిగారు, "జ్వరమేమోనండి, ఊళ్ళో అందరికీ ఉందంట" అంది. మేష్టారికి ఫోన్ చేయమని మా ఆవిడ చెప్పింది. చేయలేదు. ఫోన్లో చివరి మాట ఎవరిదో ఎవరు చెబుతారు?

నాలుగో రోజు ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. ఎండలో కూడా చెవులకు మఫ్లరు చుట్టుకుని, మనిషి ఇంకా సన్నబడి, సిమెంటు బెంచీ పట్టుకుని నిలబడ్డారు. నా దగ్గర నాలుగు రోజుల జవాబు ఉంది. ఈసారి ఆయనకు సందివ్వకూడదని ముందే అనుకున్నాను. బండి పూర్తిగా ఆగకముందే కమ్మీలకు ముఖం ఆనించాను.

"జ్వరం తగ్గిందా మేష్టారూ? మందులు వాడుతున్నారా? అసలు ఎండలో ఎందుకొచ్చారండి, ఇంట్లో ఎవరూ చెప్పలేదా? కొబ్బరినీళ్ళు తాగుతున్నారా?"

ఆయన అన్నిటికీ మెల్లగా తల ఊపారు. బండి కూత వేసింది. ఆయన మఫ్లరు కొంచెం కిందికి లాగి, కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"తగ్గిందండి" అన్నారు. "మూడు రోజులూ ఫ్లూటాయన పాటలే విన్నాను. డాక్టరు గారు నిద్ర బిళ్ళ అక్కర్లేదన్నారు."

బండి కదిలింది. ఆ రోజు నాది మళ్ళీ గళ్ళ చొక్కానే.